బరువు తగ్గడానికి మెదడుకు అయస్కాంత చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మానసిక వైద్యుణ్ణి. మందులతో డిప్రెషన్ తగ్గనివాళ్లకి ఆర్‌టీఎంఎస్ అనే యంత్రంతో చికిత్స చేస్తుంటాను. ఈమధ్య ఆ గది దగ్గర కొత్త ప్రశ్న వినబడుతోంది: "డాక్టర్‌గారూ, ఈ మిషన్‌తోనే లావు కూడా తగ్గిస్తారంట కదా?" ఏదో వీడియో చూసి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. కూతురికి సంబంధాలు కుదరడంలేదని వెంటబెట్టుకొచ్చిన తల్లులున్నారు. అందరికీ కూర్చోబెట్టి చెప్పే తీరిక ఓపీలో దొరకదు. అందుకే వాళ్లు అడిగినవి అడిగినట్టుగా, నేను చెప్పాలనుకున్నవి పూర్తిగా ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. యంత్రం నా దగ్గరే ఉంది. అయినా కేవలం బరువు కోసం వచ్చినవాళ్లని నేను ఆ కుర్చీలో కూర్చోబెట్టను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఒక్క ముక్కలో చెప్పండి. దీంతో బరువు తగ్గుతుందా, తగ్గదా?

ఇప్పటికైతే ఇది బరువు కోసం డబ్బు కట్టి చేయించుకోవాల్సిన చికిత్స కాదు. తిండి మీద యావని కాసేపు, కొందరిలో కొన్నాళ్లు తగ్గించగలదని పరిశోధనల్లో కనిపిస్తోంది. కానీ యావ తగ్గినంత మాత్రాన తినడం తగ్గాలని లేదు, తినడం కాస్త తగ్గినంత మాత్రాన కాటా మీద తేడా కనిపించాలని లేదు. ఈ మూడూ ఒకటేనన్నట్టు చెప్పే ప్రకటనలే జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నాయి.

కోత లేకుండా మెదడును ప్రేరేపించడం ఎలా సాధ్యం?

రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఆర్‌టీఎంఎస్. తలకి ఆనించిన తీగచుట్టలోంచి కరెంటు ఒక్క క్షణం పంపుతారు. దానివల్ల బలమైన అయస్కాంత క్షేత్రం పుట్టి, చర్మాన్నీ ఎముకనీ దాటి లోపలికెళ్లి, మెదడు పైపొరలో చిన్న విద్యుత్ ప్రవాహం రేపుతుంది. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. మీ వంటింట్లో ఇండక్షన్ స్టవ్ గిన్నెని వేడెక్కించేదీ ఆ సూత్రంతోనే. దాన్ని మనిషి మెదడు మీద మొదట ప్రయోగించి చూపింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం, 1985లో. తల మీద తీగచుట్ట పెట్టి మీట నొక్కితే అవతల చెయ్యి కదిలింది.

రెండోది టీడీసీఎస్. ఇందులో అయస్కాంతం ఉండదు. ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజి ముక్కల్ని నుదుటి మీద పెట్టి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటుని ఇరవై, ముప్పై నిమిషాలు పంపుతారు. మొదటిది నరకణాల్ని తట్టి లేపుతుంది. ఇది అంత పని చేయదు. అవి లేవడానికి కాస్త అనువుగానో, కాస్త బద్ధకంగానో ఉండేలా చేస్తుంది. జర్మనీలోని గోటింగెన్‌లో నిట్చె, పౌలస్ 2000లో చేసిన పనితో దీనికి మళ్లీ ఊపొచ్చింది.

ఇది షాక్ ట్రీట్‌మెంటేనా?

కాదు. షాక్ అని మనవాళ్లు పిలిచే ఈసీటీలో మత్తిచ్చి, డాక్టర్ల పర్యవేక్షణలో కావాలనే ఫిట్ తెప్పిస్తారు. ఇందులో మత్తు లేదు, ఫిట్ తెప్పించడం లేదు, మతిమరుపు లేదు. మెలకువగా కూర్చుని చేయించుకుని, బండి మీద ఇంటికి వెళ్లిపోవచ్చు. (ఈసీటీ కూడా జనం భయపడేంత భూతం కాదు. దాని సంగతి ఇంకోసారి.)

తిండికీ మెదడుకీ ఏం సంబంధం? నోరు కట్టుకుంటే సరిపోదా?

ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువ చోటు ఇస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు అప్పటికి ఏళ్ల తరబడి ఈ మాట పడి పడి ఉంటారు కాబట్టి.

ఆకలి కడుపులో పుట్టి మెదడుకి చేరే కబురు. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో లెప్టిన్ చెబుతుంది. ఈ లెక్కలన్నీ చూసేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. అయితే తినడం ఒక్క ఆకలితోనే జరగదు. పెళ్లి భోజనంలో కడుపు నిండిపోయాక కూడా బొబ్బట్టు వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టలేకపోతాం. అక్కడ పనిచేసేది ఆనందాన్నీ ఆశనీ లెక్కేసే వేరే వ్యవస్థ, డోపమిన్ అనే రసాయనంతో నడిచేది. వాసన, రంగు, పాత జ్ఞాపకం, చివరికి బేకరీ బోర్డు కూడా దాన్ని రేపగలవు.

దీనికి పగ్గం వేసేది నుదుటి వెనక, కాస్త పక్కగా ఉండే భాగం. వైద్య పుస్తకాల్లో దాన్ని డోర్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. నేను రోగులకి "పగ్గం పట్టే చోటు" అని చెబుతాను. 2006లో అమెరికాలోని ఫీనిక్స్ పరిశోధకులు ఒక విషయం గమనించారు. భోజనం చేశాక సన్నగా ఉన్నవాళ్లలో ఎడమవైపు ఈ భాగం చురుగ్గా పనిచేస్తే, ఊబకాయం ఉన్నవాళ్లలో ఆ చురుకు తక్కువగా ఉంది. లావు కావడం వల్ల అలా అయిందా, అలా ఉండటం వల్ల లావయ్యారా అన్నది ఆ ఒక్క గమనింపుతో తేలదు. కానీ ఈ చికిత్స ఆలోచనకి బలం వచ్చింది ఇలాంటి వాటి నుంచే: పగ్గం పట్టే చోటుని ప్రేరేపిస్తే పగ్గం బిగుస్తుందేమో చూద్దామని.

ఇంకో విచిత్రమైన సంగతి ఉంది. స్విట్జర్లాండ్‌లో రెగార్డ్, లాండిస్ అనే ఇద్దరు 1997లో 36 మంది రోగుల గురించి రాశారు. వాళ్లకి మెదడు దెబ్బతిన్నాక అకస్మాత్తుగా మంచి తిండి మీద విపరీతమైన ధ్యాస పట్టుకుంది. ఎక్కువమందిలో దెబ్బ కుడివైపు ముందు భాగంలోనే. అందులో ఒకాయన రాజకీయాలు రాసే పాత్రికేయుడు. పక్షవాతం తర్వాత ఆయన మనసంతా భోజనం మీదికి మళ్లింది. కోలుకున్నాక రాజకీయాలు వదిలేసి తిండి గురించి రాసే శీర్షిక చేపట్టాడు. రుచుల మీద అంత మక్కువ ఒక గాయం వల్ల పుట్టగలిగితే, తిండి విషయంలో మనిషిని "కక్కుర్తి" అనీ "జిహ్వచాపల్యం" అనీ తిట్టే ముందు ఒకసారి ఆగాలి కదా.

నాకున్నది జబ్బా, అలవాటా? ఎలా తెలుసుకోవాలి?

పండగపూట నాలుగు గారెలు ఎక్కువ తినడం జబ్బు కాదు. మామూలు మనుషులు తక్కువ సమయంలో తినలేనంత ఎక్కువ తినేయడం, తినేటప్పుడు ఇక ఆపలేననిపించడం, ఇలా వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతుండటం, తర్వాత సిగ్గూ అసహ్యమూ కుంగుబాటూ వేధించడం ఉంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటాం. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో అది విడి జబ్బుగా ఉంది. తిన్నది కక్కేయడమో, విరేచనాల మందు వేసుకోవడమో కూడా ఉంటే అది బులీమియా. దాన్ని అసలు ఆలస్యం చేయకూడదు.

నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ నాలుగోసారి వచ్చినప్పుడుగానీ అసలు సంగతి చెప్పలేదు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా, ఫ్రిజ్ తలుపు సగం తీసి ఆ వెలుతుర్లో నిలబడి తింటారు. ముందు మిగిలిన పప్పన్నం, తర్వాత చెక్కలు, ఆ తర్వాత పిల్లల బిస్కెట్లు. స్టీలు డబ్బా మూత చప్పుడవుతుందని చీరకొంగు కప్పి తీస్తారట. "ఆకలి ఉండదండీ. రుచి కూడా తెలీదు. కడుపు బిగదీసుకుపోయాకే ఆగుతాను" అన్నారు. పొద్దున్నే లేచి, ఏమీ జరగనట్టు టిఫిన్ మానేస్తారు. ఆ మానేయడమే మళ్లీ రాత్రికి దారి తీస్తోందని ఆవిడకి తెలియదు. బీపీ, షుగర్ చూసిన డాక్టర్లు ఎవరూ ఆవిణ్ణి రాత్రిళ్లు ఏం జరుగుతోందని అడగలేదు. అన్నం తగ్గించమని మాత్రం అందరూ చెప్పారు.

ఊబకాయం ఉన్నవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. ఈ జబ్బు ఉన్నవాళ్లంతా లావుగా ఉండరు. చికిత్సలు కూడా వేరు. అందుకే మిషన్ గురించి అడిగేముందు ఏ తలుపు తట్టాలో తేల్చుకోవాలి.

ఇంతకీ నేను లావు కిందకి వస్తానా?

మన దేశస్తులకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని ఇక్కడి వైద్యులు లెక్కేస్తారు. పాశ్చాత్యుల లెక్కలో ఇవి 25, 30. మనకి తక్కువ బరువులోనే షుగర్, గుండెజబ్బు మొదలవుతాయి కాబట్టి ఈ తేడా. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది బీఎంఐ 25 దాటినవాళ్లే. మీరు ఒంటరి కాదు.

ఆర్‌టీఎంఎస్ సిట్టింగ్‌లో ఏం చేస్తారు?

డెంటిస్టు దగ్గర ఉండేలాంటి కుర్చీలో కూర్చోబెడతాం. చెవిపోగులు, జడపిన్నులు, కళ్లద్దాలు తీయిస్తాం. నెత్తి మీద ఈత టోపీలాంటిది తొడిగి, టేపుతో ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి పెన్నుతో గుర్తులు పెడతాం. దర్జీ కొలతలు తీసుకున్నట్టే ఉంటుంది. సెంటీమీటరు తప్పితే చోటు మారిపోతుంది కాబట్టి ఈ పనికే మొదటిరోజు ఎక్కువ సమయం పోతుంది.

తర్వాత ఎంత బలంతో కొట్టాలో తేల్చాలి. చేతిని కదిలించే మెదడు భాగం మీద కాయిల్, అంటే ఆ తీగచుట్ట పెట్టి, ఒక్కో దెబ్బా వదులుతూ బొటనవేలు చూస్తాం. ఒడిలో పెట్టుకున్న చేతిలో బొటనవేలు తనంతట తాను చిన్నగా ఎగురుతుంది. మొదటిసారి చూసి నవ్వనివాళ్లు అరుదు, ఉలిక్కిపడేవాళ్లూ ఉంటారు. ఏ బలం దగ్గర వేలు సగం సార్లు కదులుతుందో అదే ఆ మనిషి కొలత. అప్పుడు కాయిల్‌ని ముందుకి జరిపి, నుదుటి పక్కన పెట్టిన గుర్తు మీద ఆనిస్తాం.

చెవుల్లో దూది కాదు, ప్లగ్గులే పెట్టాలి. చప్పుడు ఎక్కువ. వడ్రంగిపిట్ట మాను పొడుస్తున్నట్టు టకటకటక అని నాలుగైదు సెకన్లు, ఆపై కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టకటక. నెత్తి మీద వేలితో మొట్టినట్టు ఉంటుంది. కొందరికి కనుబొమ్మ అదురుతుంది. ఇరవై నిమిషాల నుంచి నలభై నిమిషాలు. డిప్రెషన్‌కైతే వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు. తిండి మీద జరిగిన పరిశోధనల్లో మాత్రం ఒక్క సిట్టింగ్ నుంచి ఇరవై దాకా, ఎవరి లెక్క వారిది.

పరిశోధనల్లో ఏం తేలింది?

మొదట చెప్పుకోవాల్సింది 2005 నాటి లండన్ పరిశోధన. రుడాల్ఫ్ ఉహెర్ బృందం తిండి మీద యావ ఎక్కువగా ఉన్న 28 మంది మహిళల్ని తీసుకుంది. ఇంచుమించు సగం మందికి నిజమైన ఆర్‌టీఎంఎస్, మిగతావాళ్లకి ఉత్తుత్తి కాయిల్. తర్వాత నోరూరించే తినుబండారాలు వాళ్ల ముందు పెట్టారు. ఉత్తుత్తిది చేయించుకున్నవాళ్లలో యావ పెరిగింది. నిజమైనది చేయించుకున్నవాళ్లలో పెరగలేదు. ఇక్కడిదాకా బాగుంది. కానీ తిన్నది తూచి చూస్తే రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా తిన్నాయి. ప్రకటనల్లో మొదటి సగం చెప్పి రెండో సగం మింగేస్తారు.

2015లో ఫీనిక్స్‌లో మార్సీ గ్లక్ బృందం టీడీసీఎస్ ప్రయత్నించింది. ఊబకాయం ఉన్నవాళ్లని ఆసుపత్రి వార్డులోనే ఉంచి, తిండినంతా నాణేలక్కర్లేని వెండింగ్ మిషన్లలో పెట్టి, ఎవరు ఏం తీశారో మొత్తం లెక్క రాశారు. కరెంటు ఎడమ నుదురుని ప్రేరేపించే దిక్కులో పంపినప్పుడు కొవ్వు పదార్థాలూ సోడాలూ తగ్గే ధోరణి కనిపించింది, బరువు కూడా కాస్త ఎక్కువ తగ్గింది. తిన్నది ఇంత కచ్చితంగా కొలిచిన పరిశోధనలు తక్కువ, అందుకే నాకు ఇది ఇష్టం. కానీ అందులో ఉన్నది పదిమందైనా కాదు.

ఇప్పుడు అందరూ చూపించేది ఇటలీలోని మిలాన్ పరిశోధన. లివియో లుజి, అన్నా ఫెర్రుల్లి బృందం డీప్ టీఎంఎస్ అనే రకం వాడింది. దాని కాయిల్ కాస్త లోతుకి, రుచినీ యావనీ పట్టించుకునే ఇన్సులా అనే భాగం దాకా చేరుతుంది. వారానికి మూడుసార్లు, అయిదు వారాలు, మొత్తం 15 సిట్టింగ్‌లు. సెకనుకి 18 దెబ్బల చొప్పున చేయించుకున్నవాళ్లు ఉత్తుత్తి గుంపుకన్నా ఎక్కువ బరువు తగ్గారు, ఆ తేడా కొన్ని నెలలు నిలిచింది. అయితే అందరికీ తక్కువ కేలరీల భోజనం, వ్యాయామం సలహా కూడా జతచేశారు. మొత్తం పాల్గొన్నది ముప్పై పైచిలుకు మందే. ఆశ కలిగించే ఫలితమే. కానీ ఇంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురు బాగా తగ్గినా సగటు మారిపోతుంది.

ఇక రెండోవైపు చూడండి. 2019లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు 172 మందితో, ఏం కొలుస్తామో ముందే ప్రకటించి, టీడీసీఎస్‌ని పరీక్షించారు. యావలోనూ తేడా లేదు, తిన్నదాంట్లోనూ తేడా లేదు. వాళ్లు ఇచ్చింది ఒక్క సిట్టింగే, అది నిజం. అయినా చిన్న పరిశోధనల్లో మెరిసింది పెద్ద పరిశోధనలో కనిపించకపోతే దానికి విలువ ఇవ్వాలి.

ఫలితాలు ఒక్కో చోట ఒక్కోలా ఎందుకున్నాయి?

కారణాలు చాలా. ఒకరు ఎడమవైపు కొడతారు, ఒకరు కుడివైపు. ఒకరు ఆకలితో ఉన్నవాళ్లని తీసుకుంటారు, ఒకరు తినొచ్చినవాళ్లని. పుర్రె మందం కూడా అందరికీ ఒకేలా ఉండదు, కాబట్టి అదే కరెంటు లోపలికి చేరేది ఒక్కొక్కరిలో ఒక్కోలా. అన్నిటికన్నా పెద్ద చిక్కు నమ్మకం. ఖరీదైన యంత్రం, తెల్లకోటు, రోజూ గంటసేపు ఒకరు మన గురించి శ్రద్ధగా అడగడం... వీటితోనే మనిషి తినే తీరు కొన్నాళ్లు మారుతుంది. ఉత్తుత్తి కాయిల్‌తో పోల్చని ఏ ఫలితాన్నీ నేను నమ్మను. మీరూ నమ్మకండి.

దీనికి ప్రభుత్వ ఆమోదం ఉందా?

అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆర్‌టీఎంఎస్‌ని డిప్రెషన్‌కి 2008లో, డీప్ టీఎంఎస్‌ని ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వేధించే జబ్బు) 2018లో, పొగతాగడం మాన్పించడానికి 2020లో అనుమతించింది. ఊబకాయానికీ, బింజ్ ఈటింగ్‌కీ అనుమతి లేదు. పొగాకు యావకి పనిచేసింది తిండి యావకి కూడా పనిచేస్తుందేమోనన్న ఆశ సహేతుకమే. కాకపోతే సిగరెట్టు పూర్తిగా మానేయొచ్చు, అన్నం మానేయలేం కదా. రోజుకి మూడుసార్లు ఎదురుపడే దానితో పోరాటం వేరు.

మన దగ్గర బెంగళూరు నిమ్హాన్స్‌లాంటి సంస్థల్లోనూ, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని మానసిక వైద్యుల దగ్గరా ఈ యంత్రాలు ఉన్నాయి. ఉన్నది మానసిక జబ్బుల కోసం.

ఒక క్లినిక్‌లో "బ్రెయిన్ స్లిమ్మింగ్ ప్యాకేజీ" అన్నారు. కట్టమంటారా?

వద్దు. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి అలాంటి చోట నెల జీతం మొత్తం ముందే కట్టేశాడు. నుదుటికి ఏదో పట్టీ కట్టి అరగంట పడుకోబెట్టేవారట. దాంతోపాటు రోజుకి 800 కేలరీల డైట్ చార్టు ఇచ్చారు. మూడు కిలోలు తగ్గాడు. అంత తక్కువ తింటే పట్టీ లేకపోయినా తగ్గేవాడు. రెండు నెలల్లో ఆ మూడూ తిరిగొచ్చాయి, అదనంగా రెండు కలిసొచ్చాయి. అతన్ని ఎక్కువ బాధపెట్టింది డబ్బు పోవడం కాదు. "మెదడుకి చికిత్స చేసినా నేను మారలేదంటే ఇక నా బతుకింతే" అనుకున్నాడు. ఆ మాట విన్నాకే ఈ పేజీ రాయాలని గట్టిగా అనుకున్నాను.

ఎవరైనా ఇలాంటిది చెబితే మూడు విషయాలు అడగండి. చేసేది మానసిక వైద్యులా, న్యూరాలజిస్టులా, వేరెవరైనానా? ఇది పరిశోధనా, చికిత్సా? పరిశోధనైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత? నిజమైన పరిశోధనలో ఆ సంఖ్య చెబుతారు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపిస్తారు, ప్రయోగం చేస్తున్న చికిత్సకి మీ దగ్గర డబ్బు తీసుకోరు, మధ్యలో మానేసినా ఎవరూ ఏమనరు. అలాంటి పరిశోధన మీకు దగ్గర్లో జరుగుతుంటే పాల్గొనడం మంచి పని. నేనే పంపిస్తాను.

ప్రమాదం ఏమైనా ఉందా? ఎవరు చేయించుకోకూడదు?

ఆర్‌టీఎంఎస్ తర్వాత తలనొప్పి, నెత్తి మీద నొప్పి మామూలు. మొదటి వారం దాటితే చాలామందిలో తగ్గిపోతాయి. భయపడాల్సింది ఫిట్స్ గురించి. చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు, కానీ వస్తే చూసుకునే ఏర్పాట్లు గదిలో ఉండాలి. రాత్రంతా నిద్రలేకుండా వచ్చినా, ముందురోజు మద్యం తాగినా ఆ అవకాశం పెరుగుతుంది. దాచకుండా చెప్పండి.

తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో ఎలక్ట్రోడ్లు ఉన్నవాళ్లు కాయిల్ దగ్గరికి రాకూడదు. పేస్‌మేకర్ ఉన్నా, మూర్ఛ వ్యాధి ఉన్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి. పంటికి వేయించుకున్న తొడుగులతో మామూలుగా ఇబ్బంది ఉండదు. టీడీసీఎస్‌తో దురద, చిటపట, చర్మం ఎర్రబడటం ఉంటాయి. స్పాంజి ఎండిపోతే చర్మం కాలుతుంది.

ఆన్‌లైన్‌లో హెడ్‌సెట్లు అమ్ముతున్నారు. ఇంట్లో వాడుకోవచ్చా?

దయచేసి వాడకండి. 2016లో మెదడు పరిశోధకులు కొందరు కలిసి ఇంట్లో సొంతంగా టీడీసీఎస్ చేసుకునేవాళ్లకి బహిరంగ లేఖ రాశారు. కరెంటు మీరు అనుకున్నచోటే ఆగదనీ, ఒక పనిలో మెరుగు వస్తే ఇంకో పనిలో తరుగు రావచ్చనీ, రోజూ నెలల తరబడి చేసుకుంటే ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదనీ హెచ్చరించారు. తీగ అటుదిటు తగిలిస్తే పగ్గం బిగవాల్సిందిపోయి వదులు కావచ్చు. బ్యాటరీతో సొంతంగా తయారుచేసుకునే వీడియోలు చూసి ఇంజినీరింగ్ పిల్లలు చేస్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలకి ఇది చూపించండి.

ఇంజెక్షన్లు, సర్జరీతో పోలిస్తే ఇది ఎక్కడ ఉంది?

చాలా వెనక ఉంది. 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున ఒంటి బరువులో 15 శాతం తగ్గింది. టిర్జెపటైడ్ అనే మరో ఇంజెక్షన్ ఎక్కువ మోతాదులో 20 శాతం దాకా. మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్ అదే ఏడు జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. పొట్ట చిన్నది చేసే బేరియాట్రిక్ సర్జరీతో తగ్గేది ఇంకా ఎక్కువ. వాటి ఖర్చూ ఇబ్బందులూ వాటికున్నాయి, ఇంజెక్షన్లు మానేస్తే బరువు తిరిగొస్తుంది. కానీ వేలమంది మీద నిరూపించినవి అవి. ఈ ఇంజెక్షన్లు వాడేవాళ్లు "డాక్టర్‌గారూ, తిండి గురించిన ఆలోచనల రొద ఆగిపోయింది" అంటుంటే, మెదడు యావ సంగతి ఇంత ముఖ్యమా అని నాకే మళ్లీ మళ్లీ అనిపిస్తుంది.

మెదడు లోపలే ఎలక్ట్రోడ్ పెట్టే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు 2022లో ఇద్దరికి అలా చేసిన వివరాలు ప్రకటించారు. అది ఆపరేషన్, ఇప్పుడిప్పుడే మొదలైన పరిశోధన. ఇక్కడ దాని చర్చ అనవసరం.

డిప్రెషన్ కోసం ఆర్‌టీఎంఎస్ చేయించుకుంటున్నాను. తిండి కూడా అదుపులోకి వచ్చినట్టుంది. నిజమేనా, నా భ్రమా?

నిజమే కావచ్చు. దిగులుతో తినేవాళ్లకి దిగులు తగ్గితే తిండీ తగ్గుతుంది, నిద్ర కుదిరితే ఆకలి కుదురుతుంది. పైగా డిప్రెషన్‌కి మేం కొట్టేదీ ఎడమ నుదుటి వెనకే. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను, చెప్పక్కర్లేదు కూడా. బాగైంది, సంతోషం. ఆకలి చచ్చిపోయి బరువు తగ్గినవాళ్లు డిప్రెషన్ తగ్గాక మళ్లీ తినడం మొదలుపెడతారు. అది కూడా మంచి లక్షణమే.

మా బాబుకి 13 ఏళ్లు, 80 కిలోలున్నాడు. వాడికి చేయించొచ్చా?

బరువు కోసమైతే చేయించకండి. మెదడులో పగ్గం పట్టే ఆ చోటు పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. థైరాయిడ్ లాంటి పరీక్షలు చేయించి, పిల్లల డాక్టరుతో మాట్లాడండి. వాడి ముందు వాడి బరువు గురించి చుట్టాలతో మాట్లాడటం మాత్రం ఈరోజే ఆపండి.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

అదుపు తప్పి తినే జబ్బు ఉంటే దానికి బాగా పనిచేసేది మాటలతో చేసే చికిత్స, సీబీటీ. అందులో మొదటి పని తిండి తగ్గించడం కాదు, వేళకి తినడం. టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదో ఒకటి, రాత్రి భోజనం, ఒక్కటీ మానకుండా. పైన చెప్పిన టీచరమ్మకి నేను చెప్పిందీ ఇదే. "తిని తగ్గమంటారేంటండీ" అని ఆవిడ నమ్మలేదు. నెల తిరిగేసరికి వారానికి అయిదు రాత్రులు జరిగేది రెండుకి వచ్చింది. కాటా పెద్దగా కదల్లేదు. అయినా డబ్బా మూత మీద కొంగు కప్పాల్సిన అవసరం తగ్గిందని చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి.

నిద్ర చూసుకోండి. నిద్ర తక్కువైతే మర్నాడు తీపి మీదా నూనె వంటల మీదా మనసు పోతుంది. ప్యాకెట్ తిండి ఇంటికి తేకపోవడం అన్నిటికన్నా సులువు. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 20 మందిని ఆసుపత్రిలో ఉంచి చూశాడు. ఫ్యాక్టరీలో తయారైన తిండి పెట్టిన రెండు వారాల్లో వాళ్లు, మామూలు వంట తిన్నప్పటికన్నా రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. పెట్టిన భోజనాల్లో చక్కెర, కొవ్వు సమానంగానే ఉన్నాయి. వాళ్ల మనోబలం రెండు వారాల్లో మారిపోలేదు, తిండి మారింది.

ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇంట్లో ఒకరికి ఈ సమస్య ఉంది. మేం ఏం చేయాలి?

డబ్బాలకి తాళం వేయకండి. వేస్తే కొనుక్కుని బండి డిక్కీలో దాచుకుని తింటారు, నేను చూశాను. "మళ్లీ మొదలెట్టావా" అనకండి. అదే సమయంలో, వద్దంటున్నా మొహమాటపెట్టి మారు వడ్డించకండి. ప్రేమ చూపించడానికి మనకి వడ్డించడం తప్ప వేరే దారి తెలియదు, ఆ మాట ఒప్పుకుంటాను. రాత్రి వంటింట్లో చప్పుడు వినిపిస్తే లేచి వెళ్లి లైటు వేసి, ఏమీ అడగకుండా ఒక గ్లాసు నీళ్లు తాగి, "నిద్ర పట్టట్లేదా, కాసేపు కూర్చుందామా?" అనండి.